మొదటి సూపర్‌హీరో కామిక్ ఏది కొనాలి: నల్లగొండ డాబా మీది పంచాయితీ నుంచి ఒక పోలిక

వేసవి సెలవులు వచ్చి డాబా మీద మంచాలు పడ్డాయంటే మా ఇంట్లో రాత్రిళ్లు ఒకటే పంచాయితీ నడుస్తుంది. నల్లగొండలో డిగ్రీ చదువుతున్న మా అక్క కొడుకు బ్యాట్‌మ్యాన్ పక్షం, మహబూబ్‌నగర్‌లో ఇంటర్ చదువుతున్న మా తమ్ముని కొడుకు స్పైడర్‌మ్యాన్ పక్షం. ఇద్దరూ ఆ వీరులను తెలుగులోకి డబ్బింగ్ అయిన సినిమాలలో చూసినవారే తప్ప కామిక్ పుస్తకాన్ని చేత పట్టినవారు కారు. ఈ ఏడు చేతిలో కొంత డబ్బు చేరడంతో వాదన కొనుగోలు దాకా వచ్చింది. "మామా, రెండు వేలున్నయి. మొదలు ఏది కొనాలె, డీసీదా, మార్వెల్‌దా?" అని పెద్దవాడు అడిగాడు. "పెద్దబాపూ, వాని మాట పట్టించుకోకు, వాడు ముందే ఫిక్స్ అయ్యిండు" అని చిన్నవాడు అడ్డం వచ్చాడు.

ఆ రాత్రి వారికి చెప్పిన సమాధానాన్నే ఇక్కడ కొంత విస్తరించి రాస్తున్నాను. డీసీ, మార్వెల్ రెండూ అమెరికా కామిక్ కంపెనీలు; బ్యాట్‌మ్యాన్ డీసీ వీరుడు, స్పైడర్‌మ్యాన్ మార్వెల్ వీరుడు. కంపెనీ పేరుతో మొదలుపెడితే ఎంపిక దారి తప్పుతుందని నా నమ్మకం. బ్యాట్‌మ్యాన్ 1939లోను, స్పైడర్‌మ్యాన్ 1962లోను అచ్చులోకి వచ్చారు. నాటి నుంచి నేటి వరకు ఎందరో రచయితలు, చిత్రకారులు వారిని చేపట్టి తమ శక్తి కొద్దీ నడిపించారు కాబట్టి, ఒకే ముసుగు కింద అద్భుతమైన కథా ఉంది, అచ్చుకు పెట్టిన కాగితం దండుగ అనిపించే కథా ఉంది. అట్ట మీద పెద్ద అక్షరాలలో కనిపించే వీరుని పేరు ఈ తేడాను చెప్పదు. దాని కింద చిన్నగా ఉండే రెండు పేర్లు, అంటే రాసినవారి పేరు, గీసినవారి పేరు, చెబుతాయి. డీసీ వీరులు దేవుళ్లు, మార్వెల్ వీరులు మనుషులు అన్న పాత సూత్రం 1960లలో కొంత నిజమే కావచ్చు గానీ, చిత్రకారుడు జాక్ కర్బీ 1970లో మార్వెల్‌ను విడిచి డీసీకి వెళ్లాక, మార్వెల్‌లో డేర్‌డెవిల్ అనే వీరుని కథలతో పేరు తెచ్చుకున్న ఫ్రాంక్ మిల్లర్ డీసీకి వచ్చి బ్యాట్‌మ్యాన్‌ను తిరగరాశాక, ఆ సూత్రంతో పుస్తకం ఎంచుకోవడంలో అర్థం లేదు. ఇంతకు మించి ఆ కంపెనీల కొట్లాటకు ఇక్కడ చోటు ఇవ్వను.

రాసినవారిదా, గీసినవారిదా

అభిమానుల వాదనలలో నిజంగా పస ఉన్నది ఇదొక్కటే. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురు వీరుల బృందంతో మొదలైన మార్వెల్ కథల ఘనత రచయిత స్టాన్ లీదా, లేక ఆయనతో పనిచేసిన చిత్రకారులు కర్బీ, స్టీవ్ డిట్కోలదా అన్న తగవు ఇప్పటికీ తెగలేదు. అది తెగకపోవడానికి కారణం వారు పనిచేసిన పద్ధతిలోనే ఉంది. లీ చిత్రకారునితో మాట్లాడి కథను స్థూలంగా అనుకునేవారు. ఒక్కోసారి అది రెండు ముక్కల మాటే. చిత్రకారుడు ఇంటికి వెళ్లి ఇరవై చిల్లర పేజీల కథను, సంఘటనలతో సహా, బొమ్మలలో నడిపించి తెచ్చేవాడు. ఆ బొమ్మలు చూసి లీ సంభాషణలు రాసేవారు. మన పటం కథలలో చేర్యాల నకాశీలు గీసిన పటాన్ని ముందు పెట్టుకొని కళాకారుడు పాడుతున్నప్పుడు, ఆ కులపురాణం ఇద్దరికీ ముందు నుంచే ఉన్నది కనుక ఎవరి పని ఏమిటో తేలికగా తెలుస్తుంది. మార్వెల్‌లో అలా కాదు. పటం గీసేవాడే పురాణాన్నీ పుట్టిస్తూ ఉండేవాడు.

ఒక ఉదాహరణ చాలు. ఫెంటాస్టిక్ ఫోర్ 48వ సంచికలో లోకాలను మింగే గెలాక్టస్ వస్తాడు. కర్బీ గీసి తెచ్చిన పేజీలలో గెలాక్టస్ కంటే ముందుగా, పలక మీద నిలబడి ఆకాశంలో దూసుకువస్తున్న ఒక వెండి మనిషి కనిపించాడు. అనుకున్న కథలో అతడు లేడు. అంతటి దేవునికి ముందు నడిచే దూత ఒకడుండాలని కర్బీ స్వయంగా కల్పించిన పాత్ర అది, ఈ సంగతిని లీ కూడా చెప్పేవారు. అతడే సిల్వర్ సర్ఫర్. అయితే ఆ దూతకు వేదాంతి వంటి గొంతు ఇచ్చింది లీ మాటలే. లీ లేకుండా కర్బీ స్వయంగా రాసి, గీసి 1971లో మొదలుపెట్టిన న్యూ గాడ్స్ చదివితే ఊహ ఆకాశాన్ని అంటుతుంది గానీ, మనుషుల మాటలు మాత్రం రాతి పలకల మీద చెక్కినట్లు ఉంటాయి. కర్బీ భక్తులు నన్ను క్షమించాలి. ఆ పుస్తకం గొప్పదే, కానీ మొదటి పుస్తకంగా నేను ఎవరికీ చెప్పను.

డిట్కో సంగతి వేరు. ఆయన ఇంటర్వ్యూలకు, ఫొటోలకు దూరంగా ఉండి 2018లో, లీ పోయిన సంవత్సరంలోనే, మరణించారు. స్పైడర్‌మ్యాన్‌కు డిట్కోను సహసృష్టికర్తగా తాను ఎప్పుడూ భావిస్తూ వచ్చానని 1999లో లీ ఒక బహిరంగ లేఖ రాశారు. "భావించడం" అన్న మాటే డిట్కోకు నచ్చలేదు, భావించడం వేరు, అవునని ఒప్పుకోవడం వేరు అన్నది ఆయన అభ్యంతరం. ఒక్క క్రియాపదం మీద అంత పట్టుదల అవసరమా అని కొందరు నవ్వుతారు. భూమి కాగితంలో ఒక్క మాట తేడా వస్తే ఏమవుతుందో తెలిసిన మన జిల్లాల వారికి అందులో నవ్వవలసింది ఏమీ కనిపించదు.

అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 33వ సంచిక తెరిచి చూస్తే డిట్కో పట్టుదలకు ఆధారం దొరుకుతుంది. అప్పటికి కథా నిర్మాణం డిట్కోదేనని పుస్తకంలోనే అచ్చువేసేవారు. పీటర్, అంటే ముసుగు వెనుక ఉన్న స్పైడర్‌మ్యాన్, ఒక భారీ యంత్రం కింద చిక్కుకొని ఉంటాడు. ఆస్పత్రిలో ఉన్న మే అత్తను బతికించే మందు సీసా కొన్ని అడుగుల దూరంలోనే, చేయి చాచినా అందనంత దూరంలో పడి ఉంటుంది. పైకప్పు పగిలి నీరు కారుతూ ఉంటుంది. మొదట పేజీలోని ఇరుకైన గళ్లలో, అంటే బొమ్మల చట్రాలలో, అతని తల, భుజాలు మాత్రమే కనిపిస్తాయి. అతడు ఒక్కొక్క అంగుళం లేస్తున్న కొద్దీ గళ్లు పెద్దవవుతాయి. చివరకు యంత్రాన్ని ఎత్తి పారేసే బొమ్మ పేజీ మొత్తాన్ని ఆక్రమిస్తుంది. అక్కడ బరువును మోస్తున్నది పేజీల అమరిక. లీ మాటలను తీసివేసినా ఆ దృశ్యం నిలుస్తుంది. కానీ పీటర్‌ను మన పక్కింటి కుర్రవాడిగా మార్చిన హాస్యం, సంశయం, తనతో తాను మాట్లాడుకునే తీరు లీవి, ఆ మాటలు లేకపోతే ఆ యంత్రం కింద నలుగుతున్నవానిపై మనకు అంత ప్రేమ పుట్టదు.

కాబట్టి స్పైడర్‌మ్యాన్ వైపు ఉన్నవారు లీ, డిట్కోలు కలిసి చేసిన తొలి 38 సంచికల నుంచే మొదలుపెట్టాలన్నది నా సలహా. అన్నీ కొనలేనివారు 31 నుంచి 33 వరకు ఉన్న సంపుటిని వెదకాలి. కర్బీ రుచి చూడాలనుకునేవారికి ఫెంటాస్టిక్ ఫోర్ 48 నుంచి 51 వరకు నాలుగు సంచికలు చాలు. ఒక ఇబ్బంది ముందే చెబుతున్నాను: 1960ల కామిక్స్‌లో మాటలు ఎక్కువ. బొమ్మలో తలుపు బద్దలవుతూ ఉంటే, తలుపు బద్దలు కొడుతున్నానని పాత్ర నోటితో కూడా చెబుతుంది. ఓపిక లేనివారికి పది పేజీలకే విసుగు పుడుతుంది.

చందమామ చదివి పెరిగిన మన తరానికి ఈ తగవు కొత్తదేమీ కాకూడదు. తోకచుక్క, మకరదేవత వంటి ధారావాహికలకు చిత్రా వేసిన బొమ్మల మీద సంతకం కనిపించేది. ఆ కథలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు మాత్రం అచ్చులో ఉండేది కాదు. అమెరికాలో బొమ్మ వేసినవాడు వెనుకబడితే, మన దగ్గర మాట రాసినవాడు వెనుకబడ్డాడు.

బ్యాట్‌మ్యాన్ పక్షం వారికి

ఇక్కడ సృష్టికర్తల తగవులో రెండు పక్షాలు లేవు, ఒక అన్యాయం ఉంది. దశాబ్దాల పాటు బ్యాట్‌మ్యాన్ సృష్టికర్తగా చిత్రకారుడు బాబ్ కేన్ పేరు ఒక్కటే పడింది. కేన్ మొదట ఊహించిన రూపంలో ఎర్రని దుస్తులు, కళ్లకు చిన్న ముసుగు, బిరుసైన రెక్కలు ఉండేవి. గబ్బిలం చెవుల ముసుగు, వేలాడే అంగరఖా, బూడిద రంగు, ముసుగు వెనుక మనిషికి బ్రూస్ వేన్ అన్న పేరు, గోథమ్ అన్న నగరం రచయిత బిల్ ఫింగర్ ఆలోచనలు. ఫింగర్ 1974లో చనిపోయారు. ఆయన పేరును కేన్ పేరు పక్కన చేర్చడానికి కంపెనీ ఒప్పుకున్నది 2015లో. పట్టా ఒకరి పేరున, సేద్యం మరొకరిది అన్నమాట. మా పెద్దవాడు ఈ సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు.

కొనడానికి వస్తే, దుకాణాలలోను, ఆన్‌లైన్‌లోను బ్యాట్‌మ్యాన్ అనగానే మూడు పుస్తకాలు ముందుకు వస్తాయి: ఇయర్ వన్, ద డార్క్ నైట్ రిటర్న్స్, ద కిల్లింగ్ జోక్. ఈ మూడింటిలో మొదట చదవవలసినది ఇయర్ వన్ అనడంలో నాకు సందేహం లేదు. ఫ్రాంక్ మిల్లర్ రాయగా డేవిడ్ మజూకెల్లి గీసిన ఈ కథ 1987లో నాలుగు సంచికలుగా వచ్చింది. మొదటి పేజీలోనే దాని పనితనం తెలుస్తుంది. నిజాయితీ గల పోలీసు గోర్డన్ రైలులో గోథమ్‌కు వస్తూ, ఇంతకంటే విమానంలో వస్తే బాగుండేది, పై నుంచి భవనాలే కనబడతాయి అనుకుంటాడు. అదే రోజు విమానంలో వస్తున్న బ్రూస్, రైలులో వస్తే ఈ నగరాన్ని దగ్గర నుంచి చూసేవాడిని అనుకుంటాడు. నల్లగొండ బస్సులో ఎల్‌బీ నగర్ దాకా వచ్చి చూసిన హైదరాబాద్, శంషాబాద్‌లో విమానం దిగి చూసిన హైదరాబాద్ ఒకటి కావని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. (మహబూబ్‌నగర్ బస్సు శంషాబాద్ మీదుగానే వస్తుంది కాబట్టి తాను రెండూ చూశానని చిన్నవాడు గొప్ప చెప్పుకున్నాడు.) ఇద్దరి ఆలోచనలనూ వేర్వేరు చేతిరాతలలో అచ్చువేయడం వల్ల, ఎవరు మాట్లాడుతున్నారో వేరే చెప్పకుండానే తెలుస్తుంది. కథకు ముందూ వెనకా మరేదీ చదివి ఉండనక్కరలేదు.

డార్క్ నైట్ రిటర్న్స్ 1986లో వచ్చింది. అక్కడ మిల్లరే రచయిత, మిల్లరే చిత్రకారుడు, పెన్సిల్ గీతల మీద సిరా దిద్దే పనిలో క్లాస్ జాన్సన్, రంగులలో లిన్ వార్లీ తోడు. యాభై అయిదేళ్ల బ్యాట్‌మ్యాన్ మళ్లీ ముసుగు తొడగడం కథ. కొన్ని పేజీలను పదహారు గళ్లుగా నరికి, టీవీ ముఖాలతో నింపిన ఆ పుస్తకం ప్రభావం చాలా పెద్దదే గానీ, అది అప్పటి దాకా వచ్చిన బ్యాట్‌మ్యాన్ కథలన్నింటికీ జవాబుగా రాసినది. ప్రశ్న తెలియనివానికి జవాబు అరుపులా వినిపిస్తుంది. రెండవదిగానో, మూడవదిగానో చదవాలి.

కిల్లింగ్ జోక్ విషయంలో నా మాట చాలామంది అభిమానులకు రుచించదు. 1988లో అలన్ మూర్ రాసి బ్రయాన్ బోలాండ్ గీసిన ఈ చిన్న పుస్తకంలో బొమ్మలు సాటిలేనివి. కథ మాత్రం పోలీసు గోర్డన్ కూతురు బార్బరాను కేవలం ఇద్దరు మగవారి బాధకు సాధనంగా వాడుకుంటుంది. మూర్ స్వయంగా తర్వాతి కాలంలో ఈ పుస్తకాన్ని తన మంచి పనులలో లెక్కపెట్టలేదు. బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ మీద మోజుతో కొనేవారు ఒక తేడా గమనించాలి: తొలి ముద్రణలో జాన్ హిగ్గిన్స్ వేసిన ముదురు నారింజ, ఊదా రంగులు ఉన్నాయి, 2008 నాటి ప్రత్యేక ముద్రణ నుంచి బోలాండ్ తానే తిరిగి వేసిన చల్లని రంగులు వస్తున్నాయి. అభిమానులు దీని మీద కూడా చీలిపోయారు. కథలోని ఉన్మాదానికి పాత రంగులే తగినవని నాకు అనిపిస్తుంది.

వాచ్‌మెన్ ముందా, సూపర్‌మ్యాన్ ముందా

పెద్దలు ఎవరైనా సలహా అడిగితే వెంటనే వినిపించే పేరు వాచ్‌మెన్. మూర్ రచన, డేవ్ గిబ్బన్స్ చిత్రాలు, 1986, 87లలో పన్నెండు సంచికలు. పేజీని తొమ్మిది సమానమైన గళ్లుగా విభజించి, ఆ కట్టుబాటును అవసరమైన చోట మాత్రమే సడలించిన నిర్మాణం దానిది. అయితే సూపర్‌హీరో కథను విప్పి లోపలి భాగాలు చూపించే పుస్తకం అది. అసలు బండి నడిపి చూడనివానికి ఇంజను విప్పి చూపిస్తే ఏం ప్రయోజనం? పైగా అందులో ప్రతి సంచిక చివరా దాదాపుగా వచ్చే వచన భాగాలకు మంచి ఇంగ్లీషు కావాలి. అందులోని రోర్షాక్ పాత్రకు మూలం డిట్కో సృష్టించిన క్వశ్చన్ అనే వీరుడు. లోకమంతా నలుపు, తెలుపులేనన్న డిట్కో ఆలోచనను నిలదీయడానికి మూర్ మలచిన పాత్రను కొందరు ఆరాధిస్తూ ఉండడం చూస్తే నవ్వు వస్తుంది. డిట్కోను ముందు చదివినవారికి ఆ వాదం రెండు వైపులా అర్థమవుతుంది.

వాచ్‌మెన్ ఒప్పందంలో, పుస్తకం అచ్చులో లేకుండా పోతే హక్కులు మూర్, గిబ్బన్స్‌లకు తిరిగి రావాలని ఉంది. పుస్తకం ఎంతగా అమ్ముడుపోయిందంటే అది అచ్చులో లేకుండా పోయిన రోజే రాలేదు. మూర్ కోపానికి ఇది ఒక మూలం. సినిమాల మీద తన పేరు వద్దని ఆయన అంటూ ఉంటే అహంకారమని తిట్టేవారు, 1938లో సూపర్‌మ్యాన్ హక్కులను ఆ వీరుని సృష్టికర్తలు జెర్రీ సీగల్, జో షుస్టర్ ఇద్దరూ కలిసి 130 డాలర్లకు వదులుకున్నారన్న సంగతిని దాని పక్కన పెట్టి చూడాలి.

సూపర్‌మ్యాన్‌కు అన్ని శక్తులూ ఉన్నాయి కాబట్టి కథలో పస ఉండదని మా వాళ్లిద్దరూ మొట్టమొదటిసారిగా ఏకమై అన్నారు. గ్రాంట్ మారిసన్ రచన, ఫ్రాంక్ క్వైట్లీ చిత్రాలతో 2005 నుంచి 2008 వరకు వచ్చిన ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్ దానికి నా జవాబు. ఎన్ని పుస్తకాలలోనో చెప్పిన అతని పుట్టుక కథను మొదటి పేజీలో నాలుగు బొమ్మలలో, ఎనిమిది ఇంగ్లీషు మాటలలో ముగిస్తారు. పదవ సంచికలో, తన ప్రాణమే తరిగిపోతూ, చేయవలసిన పనులు నెత్తి మీద ఉన్న సూపర్‌మ్యాన్, ఎత్తైన భవనం అంచున నిలబడిన ఒక అమ్మాయి దగ్గరకు వచ్చి, నీ డాక్టరు నిజంగానే ఆలస్యమయ్యాడని చెప్పి దగ్గరకు తీసుకుంటాడు. ఆ పేజీలో ఎక్కడా బలప్రదర్శన లేదు. ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చినవారికి కూడా మాటలు తక్కువగా ఉన్న ఈ పుస్తకం అనుకూలం.

హిందీ చదవగలిగినవారు ఢిల్లీ నుంచి వచ్చిన రాజ్ కామిక్స్‌ను మరిచిపోవద్దు. 1987లో మొదలైన సూపర్ కమాండో ధ్రువకు అతీత శక్తులు లేవు. సర్కస్‌లో పెరిగిన నేర్పు, తెలివి, చంపనన్న నియమం ఉన్నాయి. అనుపమ్ సిన్హా తానే రాసి, తానే గీశారు కనుక ఘనత ఎవరిదన్న తగవే లేదు. నేరగాళ్లను చంపే డోగా అదే సంస్థలో ఎదురు పక్షం. బ్యాట్‌మ్యాన్ జోకర్‌ను ఎందుకు చంపడన్న ప్రశ్నతో నిద్ర పట్టనివారు ధ్రువను, డోగాను వెంట వెంట చదివితే వాదన రెండు వైపులా ఒకేచోట దొరుకుతుంది.

కొనే ముందు

విడి సంచికలు దాదాపు ఇరవై రెండు పేజీలు. ఖర్చు ఎక్కువ, కథ సగం. పూర్తి కథ ఉన్న సంపుటినే తీసుకోండి, అట్ట వెనుక ఏయే సంచికలు ఉన్నాయో తప్పక చదవండి. ఒకసారి హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద డార్క్ నైట్ రిటర్న్స్ కనబడగానే బేరం కూడా ఆడకుండా కొన్నాను. బస్సులో తెరిచి చూస్తే అది నాలుగింటిలో మూడవది. ఇంకొకసారి ఆన్‌లైన్‌లో మరీ చవకగా దొరికిన పుస్తకం దొంగ ముద్రణ అని, రాత్రి దృశ్యాలన్నీ నల్ల మచ్చలుగా ఉండడం చూశాక తెలిసింది. నెలసరి చందాతో 30 వేలకు పైగా కామిక్స్ చదవనిచ్చే మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్ లెక్కకు లాభమే. ఫోను తెర మీద మాత్రం గళ్లు ఒక్కొక్కటిగా వస్తాయి కనుక, డిట్కో ఆ యంత్రాన్ని ఎత్తించిన పేజీ బలం సగానికి పడిపోతుంది. టాబ్లెట్ ఉంటే ఆ మార్గం, లేకుంటే కాగితం.

మా ఇంటి రెండు వేలు చివరకు ఇయర్ వన్, లీ, డిట్కోల సంపుటి ఒకటి, ఈ రెండింటికి సరిపోయాయి. చిన్నవాడు ఇయర్ వన్ ముందు పూర్తి చేశాడు. వచ్చే ఆదివారం ఇద్దరూ అబిడ్స్ వెళతారట. డార్క్ నైట్ నాలుగవ సంచిక కనబడితే బేరమాడి తెమ్మని చెప్పాను.